మేం దిగాల్సింది ఆ హోటల్లో కాదు

కలకత్తాలో వారం రోజుల శిక్షణ తరగతులకు మా కాలేజీ నుంచి నన్ను పంపుతున్నారని తెలియగానే మా ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న, తోడు ఎవరు వెళ్తారని. నేను తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి ఫిజిక్స్ పాఠాలు చెప్పి వచ్చే మనిషిని. ఒంటరి ప్రయాణం నాకు కొత్త కాదు. భాష తెలియని అంత పెద్ద ఊరు మాత్రం కొత్త. మా ఆయనకు సెలవు దొరకలేదు. ఈ సంగతి రేపల్లెలో ఉండే మా పిన్ని చెవిన పడింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"నేనొస్తానే అమ్మాయ్. ఆ ఊరు చూడాలని నాకు ఎన్నాళ్ళ నించో ఉంది."

ఎందుకుందో మా చుట్టాలందరికీ తెలుసు. పిన్ని వాళ్ళకు రేపల్లె అవతల చేపల చెరువులున్నాయి. మేతలు, మందులు బాబాయి చూసుకుంటాడు. పట్టుబడి రోజున గట్టు మీద నిలబడి అన్నీ చూసుకునేది పిన్ని. శీలావతి, బొచ్చె చేపల్ని వలేసి పట్టి, పెట్టెల్లో ఐసు మధ్య పేర్చి లారీల్లో కలకత్తా పంపిస్తారు. పెళ్ళయిన కొత్తలో మొదలైంది, ఇప్పటికీ లారీలు వెళ్తూనే ఉన్నాయి. వెళ్ళిన చేప ఏమవుతుందో మాత్రం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. "అంత చేప ఎవరు తింటారే? ఎట్టా వండుకుంటారంటావ్?" అని కనబడిన వాళ్ళనల్లా అడిగేది. ఎవరి దగ్గరా సరైన జవాబు దొరికేది కాదు. ఎందుకంటే మాలో ఎవరూ ఆ ఊరు వెళ్ళలేదు.

హౌరా వెళ్ళే రైళ్ళు మా తెనాలి మీదుగానే పోతాయి. కానీ రానూ పోనూ రెండు రోజులు రైల్లో గడిపేంత వ్యవధి నాకు లేదు. అందుకని విమానం. గన్నవరంలో సామాన్లు ఇచ్చేసి కూర్చున్నాక పిన్ని నవ్వింది. "చేపలు లారీలో వెళ్తే మనం విమానంలో వెళ్తన్నాం. మీ బాబాయితో అంటే ఏమంటాడో."

హైదరాబాదులో విమానం మారి, మధ్యాహ్నం దాటాక కలకత్తాలో దిగాం. బయటికి రాగానే ఉక్క మొహాన కొట్టింది. మా బాపట్ల ఎండలో ఉండే తేమే, ఇంకొంచెం బరువుగా. నేను ఫోన్ తీసి కారు బుక్ చేసే పనిలో పడ్డాను. ఇంతలో పిన్ని నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. అవతల వరసగా పసుపురంగు అంబాసిడర్ కార్లు ఆగి ఉన్నాయి. వేమూరు నుంచి రేపల్లెకు కొత్తపెళ్ళికూతురుగా తాను వచ్చింది అంబాసిడర్‌లోనేనని, దారిలో అది ఆగిపోతే పెళ్ళికొడుకు దిగి తోశాడని నాకు మళ్ళీ చెప్పింది. ఆ కథ నేను చిన్నప్పటి నుంచీ విన్నదే. ఇంకా ఇక్కడ అవి తిరుగుతున్నాయా అని మాత్రం నాకూ ఆశ్చర్యమేసింది. ఒకప్పుడు ఊరినిండా ఉండేవట, ఇప్పుడు తగ్గిపోతున్నాయట.

ముందుగా డబ్బు కట్టి చీటీ తీసుకునే కిటికీ ఒకటుంది. చీటీ తీసుకుని వెళ్తే మాకు తగిలిన డ్రైవరు ఒక పెద్దాయన. తెల్లటి గడ్డం, భుజం మీద తడితువాలు. ఊరు బీహారులో గంగ ఒడ్డునట. నా హిందీ బళ్ళో పరీక్షకు చదివినంత, దానికి టీవీ చూసి కలుపుకున్నదింకొంత. నేను నోట్లో వాక్యం కూర్చుకునేలోపే పిన్ని మా హోటల్ పేరు గట్టిగా చెప్పేసింది. దారి పొడుగునా ఆ పేరు బట్టీ పట్టిందేమో, ఎక్కడా తడబడలేదు. ఒక దేవత పేరది. వినగానే ఆయన మొహం వికసించింది. తెలుసు తెలుసు అన్నట్టు తలూపాడు.

"ఆయనకి తెలుసే. మొహం చూడు," అంది పిన్ని.

నేను ఫోన్ సంచిలో పడేసి వెనక్కి వాలాను. పెద్ద ఊళ్ళో అంత తేలిగ్గా దారి దొరికినందుకు నాకు హాయిగా ఉంది.

కారులో ఏసీ లేదు. కిటికీ అద్దం దించడానికి ఒక చక్రం తిప్పాలి, తలుపు మాత్రం ఆయన దిగి బయటి నుంచి లాగితేగాని పడదు. పిన్ని కిటికీ దగ్గర కూర్చుని అడగడం మొదలుపెట్టింది. ఆవిడ తెలుగులో అడుగుతుంది, నేను హిందీలోకి తిప్పుతాను, ఆయన చెప్పింది మళ్ళీ తెలుగులోకి తెస్తాను. రోడ్డు పక్కనే చాలా దూరం ఒక కాలవ మాతోపాటు వచ్చింది. ఈ నీళ్ళు ఏ పొలాలకు పోతాయని పిన్ని మొదటి ప్రశ్న. పొలాలకు కాదు, ఊరి మురుగు మోసుకెళ్ళేదన్నాడు ఆయన. అది కనుమరుగయ్యేదాకా పిన్ని దానివైపే చూసింది. కాలవ అంటే పొలం గుర్తొచ్చే మనిషికి, ఏ పంటా పండించని కాలవ మింగుడు పడలేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే రోడ్డు పక్కన పొడుగాటి గడియారపు స్తంభం. లండన్‌లో ఉండేదాన్ని చూసి కట్టారట. టైము సరిగ్గా చూపిస్తుందా అని పిన్ని అడిగింది. ఆయన తన చేతి గడియారం చూసుకుని, ఇవాళ చూపిస్తోందన్నాడు. ఆ తర్వాత వంతెనలు, వంతెనల కింద కాపురాలు, గోడల మీద అందంగా గుండ్రంగా ఉండే అక్షరాలు. ఒకచోట మనిషి లాగే రిక్షా కనబడింది. పిన్ని తల బయట పెట్టి, అది సందు మలుపు తిరిగేదాకా చూసింది. ఆ ఒక్కదాని గురించి ఏమీ అడగలేదు.

మధ్యలో ఆయనా అడిగాడు. మా ఊరికి సముద్రం ఎంత దూరమని, మావైపు కూరల్లో నిజంగా అంత కారం వేస్తారా అని. ఎప్పుడో ఒక ఆంధ్రా లారీ డ్రైవరు పెట్టిన పచ్చడి తిని ఆ రోజంతా నీళ్ళు తాగుతూనే ఉన్నాడట. నేనిది తెలుగులో చెబుతుంటే పిన్ని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

కారు పెద్ద స్టేషను దాటి, ఒక ఇరుకు సందులోకి తిరిగి ఆగింది. దిగమన్నాడు. పైన బోర్డు మీద బెంగాలీలోను, ఇంగ్లీషులోను మా హోటల్ పేరే ఉంది. నేను పెట్టె లాక్కుంటూ గుమ్మం ఎక్కాను. లోపల పాలరాతి పలకల బల్లలు, బెంచీలు, అన్నం ఆవిరి, ఆవాలు నూరిన ఘాటు. బెంచీల మీద నలుగురైదుగురు భోంచేస్తున్నారు. గల్లా దగ్గర ఎత్తు పీట మీద తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. గదులు పై అంతస్తులో ఉన్నాయా అని ఆవిడను అడిగాను. ఆవిడ నావంక, నా పెట్టెవంక మార్చి మార్చి చూసింది. గదులేంటి, ఇది హోటల్ కదా అంది.

నాకప్పుడు అర్థమైంది. మా తెనాల్లో మాత్రం హోటల్ అంటే ఏంటి? ఇడ్లీలు తినే చోటే కదా. ఆ పేరు వినగానే ఆయనకు తాను రోజూ అన్నం తినే చోటు గుర్తొచ్చింది. మేం దిగాల్సిన హోటల్‌కూ అదే పేరు. వీధి పేరు నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఫోన్ తీసి అడ్రసు చూపించాక పెద్దాయన తువాలుతో మొహం తుడుచుకుంటూ చాలా ఇబ్బంది పడ్డాడు.

"పోనీలేవే, ఎట్టాగూ వచ్చాం," అంది పిన్ని అప్పటికే బెంచీ మీద కూర్చుంటూ. "అన్నం తినిపోదాం. విమానంలో పెట్టిన రొట్టెముక్క ఎవరికి చాలుద్ది? ఆయన్ని కూడా కూర్చోమను."

ఆయన వద్దన్నాడు. ఆయన కూర్చునేదాకా పిన్ని కంచంలో చెయ్యి పెట్టనంది. చివరికి ఎదురుగా కూర్చున్నాడు.

గల్లా దగ్గరి పెద్దావిడ మాది ఏ ఊరని అడిగింది. ఆంధ్రా అన్నాను. ఆవిడ నవ్వి వంటింటివైపు చెయ్యి చూపించి, ఇవాళ్టి చేపా అక్కడి నుంచి వచ్చిందేనని హిందీలో అంది. ఆ మాటల్లో ఆంధ్రా, మచ్ఛీ అన్న రెండూ పిన్నికి దొరికాయి. లేచి, చెప్పులు విడిచి, ఎవర్నీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే పరిగెత్తాను. గట్టు మీద అల్యూమినియం బేసినులో ఇంకా కొయ్యని శీలావతులున్నాయి. పిన్ని వంగి ఒకదాని మొప్ప ఎత్తి చూసింది. అక్కడ వంట చేస్తున్నది పెద్దావిడ కోడలు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇవి మన చెరువులవేనా అని అడిగాను. ఎవరివో ఎట్టా చెప్పగలను, మన జిల్లావో, భీమవరం వైపువో అంది పిన్ని. కానీ ఆ చేప ఒంటి మీద చెయ్యి వేసి కాసేపు తియ్యలేదు.

కంచాల్లో అన్నంతోపాటు చేపల కూర వచ్చింది. పలచటి పులుసులో బంగాళాదుంప ముక్కలు తేలుతున్నాయి. చేపలో దుంప వేయడమేంటని, చింతపండు మాటేంటని పిన్ని అడిగింది. చింతపండు వెయ్యరట. పిన్ని ఒక ముద్ద నమిలి ఆగింది. ఈలోగా పెద్దావిడ పీట దిగి వచ్చి మా బల్ల పక్కన కూర్చుంది. పిన్నిది చేపల చెరువుల వ్యాపారమని నేను చెప్పడంతో ఆవిడకూ ఆసక్తి పుట్టింది. చాలాసేపు చెప్పుకొచ్చింది. విన్నాక నేను వెంటనే తెలుగు చెయ్యలేకపోయాను.

"ఏమందే?"

"ఏం లేదు పిన్నీ. ఇక్కడివాళ్ళు చేప బాగా తింటారంట."

"అంతసేపు చెప్పింది అదా? ఏమందో అంతా చెప్పు. వినడానికే కదా వచ్చింది."

చెప్పక తప్పలేదు. వచ్చినవాళ్ళు కూర్చోగానే ఇది ఇక్కడి చేపా, ఆంధ్రాదా అని అడుగుతారట. ఆంధ్రాదంటే మొహం అదోలా పెడతారట. ఐసులో వచ్చిన చేపకు రుచుండదని వాళ్ళ అభిప్రాయం. చవగ్గా దొరుకుతుంది గనక అందరూ తింటారు, ఇష్టంగా మాత్రం కాదు.

నాకు భయమేసింది. అన్నేళ్ళు గట్టు మీద నిలబడి పంపిన మనిషి ఆ మాట ఎలా పడుతుందా అని. పిన్ని తలెత్తి, ఇక్కడి చేప ఉంటే ఒక ముక్క పెట్టమను, నేనూ చూస్తానంది. వాళ్ళ ఇంటి భోజనానికి విడిగా వండి పెట్టుకున్న కూరలోంచి కోడలు ఒక ముక్క తెచ్చింది. పిన్ని ముందు అది తింది. నీళ్ళు తాగింది. తర్వాత మాది తింది. మళ్ళీ అది తింది.

"వాళ్ళదే బాగుందే," అంది. "చేప అంటే అట్టా విచ్చుకోవాలి. మనది ఐసులో పడుండి పడుండి నీరసపడింది. చెప్పు ఆవిడకి, ఆవిడ అన్నది నిజమేనని."

చెప్పాను. నొచ్చుకుంటుందనుకున్న మనిషి ఒప్పుకునేసరికి పెద్దావిడ తికమకపడి పిన్ని చెయ్యి పట్టుకుంది. అప్పుడు పిన్ని చెప్పింది. తెల్లారుతుండగా వల లాగిన చేపను గట్టు మీదే కోసి, మూడు రాళ్ళు పెట్టి, పచ్చిమామిడికాయ వేసి వండితే ఎలా ఉంటుందో. అది తింటే మా చేపని ఎవరూ అట్టా అనరని. చెరువు గట్టును హిందీలో ఏమంటారో నాకు తెలియలేదు. నేను తడుముకుంటుంటే డ్రైవరు పెద్దాయన పిన్ని చేతులు తిరిగిన తీరు చూసి, మాట అందించాడు. అక్కడి నుంచి ఆయనే మిగతాది చెప్పాడు. ఆయనకు తెలుగు రాదు. గంగ ఒడ్డున తాము వండుకునే సంగతి చెప్పి ఉంటాడు. పిన్ని మాత్రం అవునవునని తలూపుతూ కూర్చుంది.

మా అసలు హోటల్ అక్కడికి దగ్గరేనట. కానీ ఆ వేళకు వీధుల్లో బళ్ళన్నీ ఒకవైపే వెళ్ళాలి కాబట్టి ఊరంతా చుట్టి సాయంత్రానికి చేరాం. పెద్దాయన పెట్టెలు మెట్ల మీదికి తెచ్చి పెట్టి, పిన్నికి నమస్కారం పెట్టి వెళ్ళాడు. గదిలోకి వెళ్ళగానే పిన్ని బాబాయికి ఫోన్ చేసింది. లారీ ఇక్కడికి రావడానికి నిజంగా ఎన్నాళ్ళు పడుతోందో డ్రైవర్లనడిగి కనుక్కోమంది. వాళ్ళు మనకు చెప్పేది ఒకటి, జరిగేది ఒకటిలా ఉందంది. ఆ రాత్రి ఆవిడ బాగానే నిద్రపోయింది. నేనే చాలాసేపు మేలుకున్నాను, ఆ మాట తెలుగు చెయ్యకుండా ఉంటే బాగుండేదా అనుకుంటూ.

మర్నాడు తరగతులు ముగించుకుని వచ్చేసరికి గదికి తాళం వేసి ఉంది. ఫోన్ ఎత్తలేదు. కంగారుగా కిందికి వెళ్ళి అడిగితే, మీ అమ్మగారు పొద్దున్నే నడుచుకుంటూ వెళ్ళారన్నారు. ఎటు వెళ్ళి ఉంటుందో ఆలోచించనక్కర్లేదు. ఆ భోజనహోటల్‌కి వెళ్ళి చూస్తే పిన్ని వంటింట్లో పొయ్యి ముందుంది. బజారులో వెతికి చింతపండు కొనుక్కొచ్చి, అదే ఐసు చేపతో మావైపు పులుసు పెడుతోంది. కోడలు పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీసుకుంటోంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరూ ఆపకుండా మాట్లాడుతున్నారు.

పెద్దావిడ గిన్నెలో పోయించుకుని నాలిక మీద వేసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. కోడలితో ఏదో చెప్పి డబ్బా తెప్పించుకుంది.

"పంచదార వేసిందే," అంది పిన్ని నమ్మలేనట్టు నావైపు తిరిగి. "నా పులుసులో."

పెద్దావిడ కలిపి, రుచి చూసి, సంతృప్తిగా గిన్నె ముందుకు జరిపింది. పిన్ని దానివంక కాసేపు చూసింది. చూసి, ఒక చెంచా అడిగి తీసుకుంది.