తిట్లు తిన్న సారు

సారు పోయాడన్న కబురు అంగడిలో ఉండగా వచ్చింది. డోన్ స్టేషన్ దగ్గర ఆటో తోలే మావాడొకడు మెట్ల మీదే నిలబడి, "సారు పాయెనప్పా. పొద్దున గుండె నిలిచిపోయినాదంట" అన్నాడు. పక్కన బియ్యం తూకం వేయించుకుంటున్న పెద్దమనిషి ఊరుకోవచ్చు కదా. "మందు మానె, బీడీ మానె, అయినా పాయె. ఇంగ మానేది ఎందుకప్పా?" అని నవ్వాడు. బియ్యం సంచి లాక్కుని, ఇంకో అంగడి చూసుకోమన్నాను. నాకు కోపం ఎక్కువ. ఆ కోపాన్ని కూడా ఒక పనికి వాడుకున్న మనిషి గురించి ఇది రాస్తున్నాను.

సారు అంటే బడి పంతులు కాదు. కర్నూలులో తాగుడు మాన్పించే ఆసుపత్రిలో మాలాంటివాళ్లతో మాట్లాడడం ఆయన ఉద్యోగం. ఒకప్పుడు లారీ తోలుతూ తాగి తాగి మానినవాడే. నేను అక్కడ మందు మాని ఇంటికొచ్చాక, ఇల్లంతా కలిసి నాకు బీడీని బహుమానంగా ఇచ్చింది. మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన బీడీ కట్ట, అగ్గిపెట్టె పెట్టేది. మా మామ ఊరినుంచి వస్తూ కట్టలు తెచ్చేవాడు. మందు మానినవాడికి బీడీ కూడా లేకుండా చేస్తే మళ్లీ మందుకే పోతాడని అందరి నమ్మకం, నా నమ్మకమూ అదే. మహానంది కోనేట్లో మునిగి మందు ముట్టనని ఒట్టు పెట్టుకుని, తడిబట్టలతోనే బీడీ ముట్టించినవాళ్లం మేము.

అట్లాంటి మా నోట్లో సారు మట్టి కొట్టాడు. ఒక మధ్యాహ్నం అంగడికి వచ్చి, కూర్చోమనకుండానే బస్తా మీద కూర్చున్నాడు. నేను బీడీ తీసుకుని అంగడి వెనక్కి పోయి వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు.

"యాడికి పోయొచ్చినావప్పా?"

"కనపళ్లేదా? బీడీకి."

"ముందు మందు తాగేది గూడా ఆడనే కదా?"

అవును, ఆ వెనక గోడ దగ్గరే. నాకు ఒళ్లు మండింది. లోపల్నుంచి మా ఆవిడ వచ్చి నాకంటే ముందు అందుకుంది. "సారూ, మీ కాళ్లు మొక్కుతా. ఇప్పుడిప్పుడే ఇంట్లో నెమ్మదిగా అన్నం తింటాండాము. ఆ బీడీ ఒక్కటి వదిలెయ్యండి."

"అమ్మా, దినామూ ఆ గోడకాడికే పోయి నిలబడతాండాడు. ఒక చేతిలో బీడీ ఉండాది. రెండో చెయ్యి ఉత్తగా ఉండాది. అది ఎన్నాళ్లు ఉత్తగా ఉంటాదో నువ్వే చెప్పు."

ఆవిడ నా వైపొకసారి చూసి లోపలికి పోయింది. నేను మాత్రం ఆయన్ను నానా మాటలూ అన్నాను. అన్నీ విని, "శానా బాగా తిడతాండావప్పా. బీడీ మీదికి మనసు పోయినప్పుడల్లా నాకు ఫోన్ చేసి ఇట్లనే తిట్టు. తిట్లు అయిపోయేలోపల మనసు మళ్లుతాది" అన్నాడు. ఒట్టు వేయమంటాడేమో అనుకున్నాను. ఒట్లంటే ఆయనకు మంట. "ఒట్టు దేవునికి పెట్టుకో, బీడీ కట్ట నాకియ్యి" అనేవాడు.

ఇదేం వైద్యమో నాకు అర్థం కాలేదు. అయితే తిట్టడం నాకు చేతనైన పని. అంగడి తెరవగానే తిట్టాను, భోజనం కాగానే తిట్టాను, బేరం చెడినప్పుడల్లా ఆయన తాతముత్తాతల దాకా పోయాను. బీడీకి బదులు నమలమని ఆసుపత్రిలో బిళ్లలిచ్చారు. నోట్లో బిళ్ల ఉంటే తిట్టు సరిగ్గా పలకదు, అదొక కోపం. ఆయన నిమ్మళంగా "ఊ, ఇంగా?" అనేవాడు. నా దగ్గర సరుకు అయిపోతే "నీళ్లు తాగు" అని ఫోన్ పెట్టేసేవాడు. ఓదార్పు మాట ఒక్కటి చెప్పిన పాపాన పోలేదు.

ఆయన ఎంత మంచివాడో అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అబద్ధం. మొండిఘటం. పిలవని పేరంటానికి వచ్చి, తిన్న తిట్లను తలకాయ ఊపి దులిపేసుకునే రకం. బీడీ మీద ఇష్టం ఆయనకు నిజంగా పోయిందా అని ఒకసారి అడిగాను. "ఇష్టం యాడికి పోతాదప్పా? ఈడనే ఉంటాది. మనమే పక్కకు జరగాల" అన్నాడు.  ఆయన వల్ల బీడీ మానాను, మందు జోలికి మళ్లీ పోలేదు. ఈ మాట ఆయన ముందు అనలేదు, అంటే నెత్తికెక్కేవాడు.

మూడో రోజు సమాధి మీద పాలు పోయడానికి, ఆయన మాన్పించినవాళ్లమంతా కోసిగి దగ్గరున్న ఆయన ఊరికి పోయాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టడం మా వైపు ఆచారం. సారు తమ్ముడు సమాధి దగ్గర విస్తరి పరిచి, కూడూ కూరా పెట్టి, పక్కన బ్రాందీ సీసా మూత తీసి పెట్టాడు. తర్వాత జేబులోంచి బీడీ తీశాడు. బీడీని ఉత్తగా పెట్టరు, ముట్టించి పెట్టాలి. ముట్టించాలంటే ఎవరో ఒకరు నోట పెట్టి పీల్చాలి. దాన్ని నా వైపు చాపాడు.

"మా అన్నకు నువ్వంటే పానం. నువ్వు ముట్టించప్పా."

"సారు మానేసి ఎన్నేండ్లాయె? తీసెయ్యి దాన్ని."

"పోయినోనికి ఇంగ మానేదేముండాది? ఒక్క దమ్ము పీల్చి పెట్టు. నీకేమైతాది?"

ఏమవుతుందో నాకు తెలుసు. ఆ ఒక్క దమ్ము నన్ను తీసుకుపోయి ఆ గోడ దగ్గర నిలబెడుతుంది. నేను ముట్టించనన్నాను. చుట్టాలంతా నా మీద పడ్డారు. చచ్చినోని కడుపు కొడుతున్నానన్నారు. నా కళ్లు మాత్రం బీడీ మీదే ఉన్నాయి, నోట్లో నీళ్లు ఊరుతున్నాయి. సిగ్గులేని నోరు. తమ్ముడు మావాళ్లలో ఒక్కొక్కరికీ చాపాడు. ఒక్కొక్కరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

తమ్ముడు మమ్మల్ని పచ్చి బూతులు తిట్టి, తనే ముట్టించి విస్తరి అంచున పెట్టాడు. పొగ మా వైపే వచ్చింది. ఎవరమూ కదల్లేదు. సిగరెట్టు అయితే దానంతట అది కాలిపోయేది. బీడీ అట్లా కాదు, నోరు తగలకపోతే నిలవదు. ఆరిపోయింది. ఆయన వంగి మళ్లీ ముట్టించాడు. మళ్లీ ఆరింది. ఈసారి తల ఎత్తి, ఎవరైనా వస్తారా అని మా వైపు చూశాడు. మేము ఉన్నచోటనే ఉన్నాం. విస్తరి అంచున ఆ బీడీ సగం కాలి, చల్లబడి, అట్లాగే ఉండిపోయింది.