రెండు వందల నలభై డిగ్రీల చలి

లోకమంతా ఉప్పు తింటుంది. ఆయన ఉప్పుకు కాపలా కాస్తాడు. పదకొండేళ్లుగా అదే ఉద్యోగం. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే, ఆయన నోరు తెరిచేలోపే బావమరిది అందుకునేవాడు.

"మా బావ ఎండని డబ్బాలో పట్టి దాస్తాడండీ. సాయంత్రం మూత తీస్తాడు."

ఎగతాళికే అన్నా అందులో అబద్ధమేమీ లేదు. ఊరికి దూరంగా బయలులో పదివేల అద్దాలు, ఒక్కొక్కటి గది గోడంతది, ఒక టవరు చుట్టూ బారులు తీరి ఉంటాయి. పొద్దెక్కిన దగ్గర్నుంచి సూర్యుడితోపాటు మెడలు తిప్పుతూ, తమ మీద పడిన ఎండనంతా టవరు నెత్తిన కొడతాయి. అక్కడ నిలువు గొట్టాలు పేర్చిన పలకలు పదకొండున్నాయి. వాటిలో పారేది కరిగిన ఉప్పు. కూరలో వేసే ఉప్పు కాదు, ఎరువులకు దగ్గరి చుట్టం. ఆ ఎండకు అది అయిదు వందల అరవై డిగ్రీల దాకా కాగి, కిందికి దిగి, మేడంత తొట్టిలో కూర్చుంటుంది. కరెంటు కావలసినప్పుడు ఆ వేడితో నీళ్లు మరిగిస్తారు. ఆవిరి టర్బైనును తిప్పుతుంది. ఎక్కడో ఎవరింట్లోనో ఫ్యాను తిరుగుతుంది. వేడి ఇచ్చేసిన ఉప్పు పక్క తొట్టికి పోతుంది. దాన్ని చల్ల తొట్టి అంటారు. అందులో రెండు వందల తొంభై డిగ్రీలుంటుంది. ఆ ప్లాంటులో చల్లదనమంటే అదీ.

ఇంతటి ఉప్పుకూ ఒక బలహీనత ఉంది. రెండు వందల నలభైకి దిగిందంటే చలేస్తుంది. ముడుచుకుని రాయైపోతుంది. టవరు మీది గొట్టంలో అలా బిగుసుకుంటే ఇక దాన్ని గదమాయించి లాభం లేదు. నడిమధ్య వేడి తగిలిస్తే అక్కడి ఉప్పు కరిగి ఉబ్బి, ఎటూ దారి లేక గొట్టాన్ని చీల్చేస్తుంది. కింది చివర నుంచి అంగుళం అంగుళం బతిమాలి కరిగించాలి. అందుకే మబ్బు కమ్మితే గొట్టాల్లో ఉప్పునంతా ముందే కిందికి దింపెయ్యాలి. ఎండొచ్చాక మళ్లీ ఎక్కించడానికి గంటన్నర పడుతుంది. ఆయన కుర్చీలో ఉండగా పదకొండేళ్లలో ఒక్క గొట్టమూ గడ్డకట్టలేదు. ఆయనకు పతకాలు లేవు, శాలువాలు లేవు. చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, కిందటి నెల మూడుసార్లు మబ్బు చూసి ఉప్పు దింపాడు. మూడుసార్లూ ఆ మబ్బు టవరు దాకా వచ్చి, ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు పక్కకు మళ్లింది. మూడు గంటన్నరల ఎండ నేలపాలు. అప్పటినుంచి కంట్రోలు రూములో ఆయన పేరు 'మబ్బుగారు'. ప్లాంటు పెద్దసారు ఒక ఉత్తర్వు కూడా వెలువరించాడు: "ఇకమీదట నా అనుమతి లేనిదే ఉప్పు దింపరాదు." మబ్బు కన్నా ముందు అదే కంటపడేలా దాన్ని మబ్బుగారి కంప్యూటరు తెర కిందే అతికించారు.

ఆరోజు మధ్యాహ్నం ప్లాంటు చూడడానికి పెద్దలు వస్తున్నారు. వాళ్లు వచ్చేసరికి టవరు నెత్తి ధగధగలాడాలని పెద్దసారు పట్టుదల. పదకొండింటికి మబ్బుగారికి భార్య ఫోను చేసింది.

"ఏవండీ, బట్టలారేశాను. వానొస్తుందా?"

"వాన సంగతి తెలీదు. మబ్బు మాత్రం పావుగంటలో వస్తుంది."

"మబ్బుతో నాకేం పని?"

"నాకుందిలే," అని పెట్టేశాడు.

పావుగంటకు వచ్చింది. ఈసారి ఏమీ మరిచిపోలేదు, సామానంతా తెచ్చుకుంది. చల్లగాలిని కూడా వెంటపెట్టుకుని టవరు మీద తిష్ఠ వేసింది. ఆయన పెద్దసారుకు ఫోను చేశాడు.

"సార్, గాలివైపు పలకలు రెండు వందల డెబ్బైకి పడ్డాయి. దింపేయమంటారా?"

"మళ్లీనా? మబ్బు కనిపిస్తే చాలు వణికిపోతారేంటండీ మీరు!"

"వణికేది నేను కాదు సార్, ఉప్పు."

"ఇంకో అయిదు నిమిషాలు చూడండి."

చూశాడు. రెండు వందల అరవై ఆరు. అరవై మూడు. పదివేల అద్దాలను ఒక్క వేలితో తిప్పగలిగిన మనిషికి, ఒక్క మబ్బును జానెడు జరిపే మీట ఎవరూ బిగించలేదు. పక్క కుర్చీలో టర్బైను చూసుకునే అమ్మాయి ఉండబట్టలేకపోయింది.

"దింపెయ్ అన్నయ్యా. తిట్లు తర్వాత తినొచ్చు."

"తిట్లు పెద్ద లెక్క కాదమ్మా. ఈ మబ్బు కూడా పక్కకెళ్లిపోయిందనుకో, రేపు ఈ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. వాడు అసలు దింపడు."

రెండు వందల యాభై అయిదు దగ్గర మళ్లీ చేశాడు.

"అదుగో, నా కిటికీలోంచి పడమటి పక్క వెలుతురు కనిపిస్తోంది," అన్నాడు పెద్దసారు. "అయిదంటే అయిదే నిమిషాలు."

వెలుతురు నిజమే. చివరి వరస అద్దాల మీద కాసేపు పచార్లు చేసి, టవరు గడప తొక్కకుండానే వెళ్లిపోయింది. మూడోసారి ఫోను మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. పెద్దసారు అతిథులకు ఎదురెళ్లాడు. రెండు వందల నలభై ఆరు. తెర కింది ఉత్తర్వు వైపు ఒకసారి, అంకె వైపు ఒకసారి చూసి, మబ్బుగారు మీట నొక్కేశాడు.

తొమ్మిది పలకలు ఖాళీ అయ్యాయి. రెండు కాలేదు. టవరు పైనుంచి మేస్త్రి వైర్‌లెస్‌లో పలికాడు.

"అన్నా, గాలివైపు రెండిటికీ వాల్వులు తెరిచే ఉన్నాయి. చుక్క దిగట్లేదు."

"తట్టి చూశావా?"

"చూశాను. డొల్లగా మోగట్లేదన్నా. టక్కుమంటోంది. రాయి."

ఆయన తెర మీద ఆ రెండు పలకల అంకె చూశాడు. ఉప్పు దిగేలోపే రెండు వందల ముప్ఫై ఎనిమిదికి పడింది. సరిగ్గా అప్పుడే మబ్బు తన పని అయిపోయినట్టు లేచి వెళ్లింది. ఎండ ఫెళ్లున కాసింది. అంత నిఖార్సైన ఎండ ఆ నెలలో అంతకుముందు కాయలేదు. అద్దాలు పాత అలవాటు కొద్దీ దాన్ని టవరు మీదికి విసరబోయాయి. రాయైన పలకల మీద అది పడితే గొట్టాలు చీలిపోతాయి. ఆయన గబగబా పదివేల అద్దాలనూ పక్కకు తిప్పేశాడు.

పెద్దసారు అతిథులతో లోపలికి వచ్చాడు.

"ఇంత ఎండ పెట్టుకుని టవరు చీకటిగా ఉందేంటండీ?"

"రెండు పలకలు గడ్డకట్టాయి సార్."

పెద్దసారు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "చూడమన్నాను గానీ, దింపొద్దన్నానా?"

అతిథుల్లో ఒక పెద్దావిడ మర్యాదగా అడిగింది. "ఇలా ఇంతకుముందెప్పుడైనా జరిగిందా నాయనా?"

"లేదమ్మా. ఇదే మొదలు."

"బాగవడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"మూడు వారాలు."

"పాపం. ఎండలు సరిగ్గా లేకపోతే ఇంకా ఆలస్యమవుతుందేమో కదూ?"

"ఎండలు బ్రహ్మాండంగా ఉంటాయమ్మా," అన్నాడాయన. తెర మీద ముప్ఫయ్యో వరసలో ఒక అద్దం ఇంకా టవరు వైపే చూస్తోంది. దాన్ని కూడా పక్కకు తిప్పాడు.