జర్మనీ పడవవాడు, చిమిండైంగ్ ఘటం

అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, బర్మాలో మా చిమిండైంగ్ పేట అమ్మవారి గుడివైపు తిరిగి చెబుతున్నాను: ఇక్కడ రాయబోయేదంతా జరిగింది జరిగినట్టే. ఒక్క మాట కల్పించినా నా టాక్సీ తన్లిన్ వంతెన మధ్యలో ఆగిపోవాలి. ఇదివరకే ఒకసారి ఆగింది కదా అని తెలిసినవాళ్లు ఎత్తిపొడుస్తారు. అది పెట్రోలు అయిపోయి ఆగింది. ప్రమాణాలకీ పెట్రోలుకీ ముడిపెట్టకూడదు.

నిన్న మధ్యాహ్నం తాకేటాలో మా బావతో కలిసి టీ తాగుతున్నాను. బావ అంటే మా అప్ప మొగుడు, అప్ప అంటే మాకు అక్క. రేవులో గుమాస్తాగా చేసి రిటైరైనా, ఇప్పటికీ లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసి, జేబులో పెన్ను పెట్టుకోకుండా గడప దాటడు. కరెంటు లేదు. టీకొట్టు జనరేటరు దగ్గుతోంది. ఆ దగ్గుల మధ్య బావ తన ఫోను నా ముక్కు కింద పెట్టాడు. అందులో ఎవరో నాయకుడు మైకు ముందు నిలబడి, జనం తగ్గిపోతున్నారు, దేశం ముసలిదైపోతోంది, ఇకనైనా పిల్లల్ని కనండి అని బతిమాలుతున్నాడు. ఏ దేశం నాయకుడో కూడా సరిగ్గా వినపడలేదు. ఈ రోజుల్లో ఎవరు మైకు పట్టుకున్నా ఆ పాటే పాడుతున్నారు. "సూసావేటి? నానప్పుడే సెప్పాను," అన్నాడు బావ. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి కారు అద్దం తుడిచాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను, తాళంచెవులు ఆడించాను, చల్లారిన టీ తాగేసి ఇంకోటి చెప్పాను. పిల్లల లెక్క ఎవరు ఎత్తినా నాకు ఇలాగే ఉంటుంది. నేను పెళ్లి చేసుకోలేదు కనక జనాభా పడిపోవడంలో నా వాటా నాకుంది. అంతకంటే పెద్ద కారణం రైస్ కుక్కరు.

కొన్నేళ్ల కిందట బావ గుడి కమిటీకి అధ్యక్షుడయ్యాడు. అయిన రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు, ఆయన వల్ల మాకూ లేదు. పండగకి చూస్తే పీట మీద కూర్చునే పిల్లలకంటే కుర్చీ అడిగే ముసలివాళ్లే ఎక్కువ. ఉన్న కుర్రాళ్లలో సగం మంది పనుల కోసం థాయ్‌లాండ్ దారి పట్టారు, మిగిలిన సగం పాస్‌పోర్టులు సిద్ధం చేసుకుని దిక్కులు చూస్తున్నారు. మన తెలుగువాళ్లం ఇక్కడ ఆనవాలు లేకుండా పోతాం అని బావ ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. మూడో బిడ్డని కన్న ప్రతి ఇంటికీ కమిటీ తరఫున ఒక రైస్ కుక్కరు, అమ్మవారి ముందు శాలువా అని ప్రకటించాడు. సొంత కూతురు సింగపూరులో మొగుడితో కలిసి ఒక పిల్లిని పెంచుకుంటోంది, ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం వాతావరణం గురించి మాట్లాడతాడు. కరెంటు లేని ఊళ్లో కుక్కరు కోసం ఎవరు కంటారని ఆడవాళ్లు నవ్వుకున్నారు. మొదట కొన్న కుక్కరు ఇంకా కమిటీ గదిలోనే ఉంది. మీటింగు రోజున కరెంటు ఉంటే అందులోనే పులిహోరకి అన్నం వండుకుంటున్నారు. అక్కడితో ఆగినా పోయేది. బావ చూపు ఘటం మీద పడింది.

ఘటం గురించి చెప్పాలి. చిమిండైంగ్ బజారు వెనక మేం పుట్టిన ఇల్లు ఉంది. చెక్క ఇల్లు, కింద వంటగది, పైన పడక. వానాకాలంలో ఏరు పొంగితే వంటగదిలోకి నీళ్లకంటే ముందు బొద్దింకలు వచ్చేవి. అమ్మవారి పండగలో ఘటం ఎత్తే హక్కు ఆ ఇంటిది. మనిషిది కాదు, ఇంటిది. ఆ పొయ్యి మీద వండుకు తినే ఆడమనిషి పసుపునీళ్ల కుండ నెత్తిన పెట్టుకుని, వేపరెమ్మలతో ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎత్తేముందు పూజారి మా ఇంటిపేరు గట్టిగా పిలుస్తాడు. ఇంట్లోంచి "ఉన్నాం తల్లీ" అని పలకాలి. పలికేవాళ్లు లేకపోతే ఆ ఏటితో ఆ ఇంటికి ఘటం పోయినట్టే. నా ఎరుకలో పలికింది మా అత్తే. మా నాన్న చెల్లెలు. ఆవిడా పెళ్లి చేసుకోలేదు, మా వంశంలో అదొక అలవాటు. బజార్లో అట్లు పోసి బతికింది. పక్క కొట్టు బర్మా ఆవిడ జబ్బుతో పోతే, ఆవిడ కూతుర్ని తెచ్చి తన అట్ల పెనం పక్కనే పెంచింది. ఆ పిల్ల అత్తని బర్మా మాటతో "అమే" అని పిలిచేది, అంటే అమ్మ. తెలుగు మాత్రం మా అందరికంటే గట్టిగా తిట్టేది. ఆ ఏడు అత్త మోకాళ్లు మొరాయించాయి. నేను ఎత్తలేను, ఈసారి పిల్ల ఎత్తుతుందని కబురు పెట్టింది. పిల్లలు లేని ఇంటికి ఘటం ఎందుకు, ముగ్గురు బిడ్డల తల్లి, తన తమ్ముడి కోడలు ఉంది, ఆమె ఎత్తితే నలుగురికీ బుద్ధి వస్తుందని బావ తిరుగు కబురు పెట్టాడు. నేను ఈ ఇంటిదాన్ని కాకపోతే బ్యాంకాక్‌లో పని చూసిన ఏజెంటుకి సరే అనేస్తానని పెంపుడు పిల్ల నాతో అంది. అత్తకి పోయేది కుండ ఒక్కటే కాదు.

సరిగ్గా ఆ నెలలోనే నాకు జర్మన్ మేడం దొరికింది. దేవుడి మీద ఒట్టు, దొరికింది. రిటైరైన బడిపంతులమ్మ. పల్లెటూళ్లు చూడాలని నా టాక్సీ మాట్లాడుకుంది. తన్లిన్ అవతల పొలాల గట్ల మీద, నా కారు ఎండలో కాలుతుంటే, గంటలకొద్దీ నిలబడి వరినాట్లు చూసేది. వాళ్లదీ రైతు కుటుంబమే. దారి పొడుగునా తమ పాత ఊళ్ల గురించి చెప్పేది. అక్కడ చాలా చోట్ల పొలం ముక్కలు చెయ్యరట. మొత్తం ఒక్క బిడ్డకే పోతుంది, మిగతావాళ్లు అదే పొలంలో పాలేళ్లు. బతుకుదెరువు చూపించలేని బీదవాళ్లకి పెళ్లి చేసుకోవడానికి ఊరి పెద్దలు అనుమతి ఇచ్చేవాళ్లు కాదట. మీరు పిల్లల్ని కంటే మేం పోషించలేమని తలుపు వేసేవాళ్లు. వాళ్ల ముత్తవ్వ అలా అనుమతి రాకుండానే పిల్లల్ని కన్న మనిషి. తరవాత కాలం తిరగబడింది. పెళ్లే వద్దన్న దేశం, యుద్ధానికి మనుషులు కావాల్సొచ్చేసరికి, ఎక్కువ మందిని కన్న తల్లులకి పతకాలు పంచింది. మేడం నాయనమ్మకీ ఒకటి వచ్చింది. "పతకం ఇచ్చి కొడుకుల్ని తీసుకున్నారు" అందామె, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆ పతకం గుండీల డబ్బాలో ఉండేదట. చిన్నప్పుడు తను బొమ్మకి తగిలించి ఆడుకుందట. నేను హారను కొట్టాను, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

ఇంకో సంగతి కూడా చెప్పింది. వాళ్ల వైపు ఇంటిపేరు రక్తంతో రాదు, పొలంతో వస్తుంది. ఎవడు వచ్చి ఆ పొయ్యి వెలిగించి ఆ పొలం దున్నితే వాడికి ఆ పొలం పేరే పేరు. ఇల్లరికం వచ్చిన అల్లుడు సొంత పేరు గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలేస్తాడన్నమాట. ఆ మాట నా చెవిలో పడ్డాక మేడాన్ని హోటలు దగ్గర దింపి తిన్నగా కమిటీ గదికే పోయాను.

ఆ రోజే మీటింగు. బావ మాట్లాడుతున్నాడు. మా అప్ప గోడవైపు చూస్తోంది. అత్త కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది, పక్కన పెంపుడు పిల్ల.

"గటం మోసేదానికి రేపు మోసే బిడ్డుండాల," అన్నాడు బావ. "నేకపోతే ఆ ఇల్లు ఆగిపోయినట్టే గదా."

"బిడ్డ నా పక్కనే కూకుంది అల్లుడుగోరూ," అంది అత్త. "కనిపించనేదంటే అద్దాలు తుడుసుకోండి."

"కన్న బిడ్డ గురించి సెప్తన్నాను."

"మీరు కన్నారు గదా. ఏదీ, పిలవండి, పలుకుతాదేటో సూద్దాం."

ఆ దెబ్బకి గదిలో విసనకర్రలు కూడా ఆగిపోయాయి. బావ ముఖం నల్లబడింది. మాట ఇంకా ముదిరితే ఇద్దరి మధ్యా రాకపోకలు ఉండవని నాకు తెలుసు, అందుకే నోరు తెరిచాను. బావకి జర్మన్లంటే భక్తి. తను రేవులో పనిచేసినన్నాళ్లూ ఒక జర్మన్ క్రేను ఒక్కరోజు కూడా మొరాయించలేదని, దానికి దసరాకి బొట్టు పెట్టేవాడినని ఇప్పటికీ చెప్పుకుంటాడు. అందుకే పతకం సంగతి మొదలుపెట్టాను. మీ కుక్కరుకీ ఆ పతకానికీ తేడా ఏముంది బావా అనేసరికి ఒకరిద్దరు దగ్గారు. తరవాత పొలం పేరు సంగతి చెప్పాను. ఆపైన మేడం వాళ్ల ఊరి పడవవాడి కథ ఎత్తుకున్నాను. ఒక ముసలి విధవరాలికి పొలం ఉంది, ఉన్నది ఒక్క కూతురు, పలికే మగదిక్కు లేదు. ఏటి అవతల నుంచి పడవ నడుపుకుంటూ ఒకడు వచ్చాడు. మాట వేరు, దేవుడు వేరు. వాన రాత్రి వాళ్ల గొడ్లని ఒడ్డుకి చేర్చాడు. మరి వెళ్లలేదు, ఆ పిల్లనే చేసుకున్నాడు. ఎండుచేప కాల్చుకు తినేవాడు, చెవి వెనక చుట్ట పెట్టుకునేవాడు, కోపం వస్తే ఏటితో మాట్లాడేవాడు. ఊరి పండగలో పెద్దలు పొలాల పేర్లు పిలుస్తుంటే, ముసలమ్మ మంచంలో ఉంది, కూతురు బాలింత. ఆ పేరు వచ్చేసరికి అందరూ చూస్తుండగా అతను లేచి, వచ్చీరాని భాషలో, ఉన్నామని పలికాడు. ఆ ఊళ్లో ఒక్కడూ కాదనలేదు.

"రైతుల ఊల్లో పడవేటి?" అని బావ అనుమానపడ్డాడు.

"జర్మనీలో ఏర్లుండవేటి బావా?"

"ఎండుసేప తింటారేటి ఆల్లు?"

"క్రేన్లు చేసేవాళ్లకి ఆకలెయ్యదేటి?"

బావ చాలాసేపు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరికీ తెలియలేదు. చివరికి బావ, జర్మన్లు ఊరికే రూలు పెట్టరు, ఆ ఇంట్లోంచి ఎవరు పలుకుతారో పండగనాడు అమ్మవారి ముందే తేలుతుంది అని మీటింగు ముగించాడు. తిరిగి వస్తూ కారులో అత్త వెనక సీట్లోంచి నా వీపు మీద తట్టి, "జర్మనోడు కూడా సెవి ఎనక సుట్టెడతాడేటిరా?" అంది. నేను దారి చూస్తున్నట్టు నటించాను.

పండగనాడు పూజారి మా వాకిట్లో నిలబడి ఇంటిపేరు పిలిచాడు. డప్పులు ఆగాయి. పెంపుడు పిల్ల పసుపు చీర కట్టుకుని, తడి జుట్టుతో గుమ్మంలో నిలబడింది, కాని నోరు పెగల్లేదు. దాని చూపు బావ మీదే ఉంది. బావ తమ్ముడి కోడలు కూడా పసుపు చీరతోనే వచ్చి నిలబడి ఉంది మరి. పూజారి రెండోసారి పిలిచాడు. అత్త చాప మీంచి లేవబోయి లేవలేకపోయింది. నేను వాకిట్లో గుంజ చుట్టూ తిరిగాను. అప్పుడు బావ ముందుకి వంగి, ఎవరికీ వినపడదనుకుని, "పలకవేటే గుంటా, ఆ ముసల్దాని పేణం తీస్తావేటి?" అన్నాడు.

"ఉన్నాం తల్లీ," అంది పిల్ల. ఆ "తల్లీ" కాస్త బర్మా ఒంపు తిరిగింది. డప్పులు అందుకున్నాయి. బ్యాంకాక్ ఏజెంటు ఇప్పటికీ నేను కనపడితే ముఖం తిప్పుకుంటాడు. అట్ల పెనం ఇప్పుడు ఆ పిల్లదే. అత్త పక్కన కూర్చుని పిండి పలచనైందని తప్పులు పడుతుంది.

ఇక నా ప్రమాణం సంగతి. జర్మన్ మేడం నిజం, పతకం నిజం, పొలం పేరూ నిజం. నేను కల్పించింది పడవవాడిని. అంటే మనిషిని కాదు, అతని దేశాన్ని. అతను జర్మనీవాడు కాడు, తన్లిన్ రేవులో పడవ నడిపిన బర్మావాడు. అత్తకి తండ్రి, నాకూ మా అప్పకీ తాత. పెళ్లి సంబంధాలు చెడతాయని మా ఇంట్లో దాచిన మాట అది. బావ ఇది చదివితే మా అప్పని ఏమంటాడో చూడాలి, వంతెన మీదకి టాక్సీ తియ్యడం కూడా కొన్నాళ్లు మానేస్తాను. కాని పిల్ల పలికిన రోజు, కళ్లు మూసుకుంటే నాకు ఆ గొంతు కింద ఇంకో గొంతు, వచ్చీరాని తెలుగులో, వినపడింది. ఆ రెండు గొంతుల మధ్య గడిచిన కాలమంతా, పూజారి పిలిచాక ఎవరో ఒకరు పలికేదాకా ఊపిరి బిగపట్టి నిలబడ్డ ఆ కాసేపే అనిపిస్తుంది.