నాగవేణి నడుములో వాపు

చిప్పగిరి దగ్గరి ఆ పల్లెలో నాగవేణి నోటికి జడవని మనిషి లేడు. పత్తి తీతకు పోతూ ఆటో బోల్తా పడి ఆమె వెన్నుపూస విరిగితే, ఆదోనిలో ఆపరేషన్ చేసి మరలు బిగించారు. నడుముకు బెల్టు కట్టి ఇంటికి పంపారు. నోటికి మాత్రం దెబ్బ తగల్లేదు.

కుట్లు మానాయి, నొప్పి మానలేదు. కూర్చుంటే లేవలేదు, లేస్తే నిలవలేదు. చూడవచ్చిన ఆడవాళ్లు మచ్చ చూసి, అంతా ఆరిపోయిందని తీర్పు చెప్పి, కాఫీ తాగి పోయారు.

మొగుడి అన్న, మహేశ్వర్ బావ తీర్పు ఇంకా గట్టిది. వంగి పని చేసిన పాపాన పోని మనిషి ఆయన. అరుగు మీంచే అన్నాడు: "ఇనుము బిగిచ్చినాక నొప్పి యాడ్నుంచి వస్తాదమ్మా? సేన్లో పత్తి రాలిపోతాంది."

"బిగిచ్చింది నా ఎన్నుకు బావా, నీ నాగలికి గాదు."

ఎవరు చివర మాట్లాడితే వాళ్ల మాటే వినే మొగుడు దేవేంద్రప్ప ఆమెను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. స్కాన్ చూసి డాక్టరు చెప్పాడు: "పూస అతుక్కుంటోంది. కానీ ఎముక లోపల ఇంకా వాచి ఉంది. మరలు ఎముకను కదలకుండా పట్టుకుంటాయి, వాపును తీసేయవు. నెలలు పట్టొచ్చు. బరువెత్తొద్దు, వంగొద్దు. అట్లని మంచం పట్టొద్దు, రోజూ నడువు."

"ఎముక వాస్తాదా యాడన్నా?" అని, వాళ్లు ఇంటికొచ్చి చెప్పింది విని మహేశ్వర్ పగలబడి నవ్వాడు. ఎమ్మిగనూరు నుంచి బజారి అనే నాటువైద్యుణ్ణి పిలిపించాడు. నడుం తొక్కి వాపు దించుతాడట.

"ముందు మా బావ నడుం తొక్కప్పా," అంది నాగవేణి. "పనికి వంగక బిర్రబిగిసింది."

బజారి నిజంగానే అటు తిరిగాడు. మహేశ్వర్ చెప్పులు వెతుక్కున్నాడు. అప్పుడు దేవేంద్రప్ప గొంతు లేచింది: "డాక్టరు వద్దన్నాడన్నా. ఆమెను ఎవరూ ముట్టుకునేది ల్యా."

ఈయన నోట ఇంత మాట రావడానికి నా నడుం విరగాల్సి వచ్చిందా అనుకుంది నాగవేణి.

రోజూ వీధి చివరిదాకా నడిచింది. కొన్ని పొద్దుల్లో దొడ్డిగోడ చాటున ఏడ్చి, కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది. ఉగాది దాటాక తీసిన స్కాన్‌లో వాపు చాలావరకు దిగింది.

మళ్లీ పత్తి పగిలే కాలానికి చేనికి పోయింది. మూటలు దేవేంద్రప్ప మోశాడు.

"నేనప్పుడే సెప్పినా, ఏం ల్యాదని," అన్నాడు గట్టు మీది మహేశ్వర్.

ఆయనకు జవాబు కూడా దండగ అనుకుని, నాగవేణి పక్క సాలులోకి జరిగింది.