మేడమీద గుర్రం

ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రతి ఇంటికీ గొప్పగా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఒకరికి కొత్త ట్రాక్టరు, ఒకరికి రొయ్యల చెరువు, ఒకరికి కాకినాడలో ఉద్యోగం చేసే అల్లుడు. మాకు దెయ్యం ఉండేది. పొలాలు పోయాయి, కొబ్బరితోట పోయింది, వీధివైపు సావిడి దాయాదుల వాటాలోకి పోయింది. మా ముత్తాతగారి దెయ్యం మాత్రం ఎవరి వాటాకీ వెళ్ళకుండా మా మేడమీదే నిలిచిపోయింది. నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ ఉండేవాణ్ణి. బస్సులో సీటు దొరికినా వీపు ఆనించకుండా కూర్చునేవాణ్ణి, ఎవరైనా చూసి ఫలానావారి మునిమనవడని గుర్తుపడతారేమోనని. (ఒక్కరూ గుర్తుపట్టలేదు. కాస్త జరగమని మాత్రం చాలామంది అడిగారు.)

మా ముత్తాతగారు తెల్లగుర్రం మీద తిరిగేవారట. భోజనాలయి ఊరు కునుకు తీసే వేళకి మా మేడమీంచి టకటకమంటూ గుర్రం దౌడు తీస్తున్న చప్పుడు వచ్చేది. కాసేపు నెమ్మదిగా, కాసేపు జోరుగా, మలుపు దగ్గర ఆగినట్టు ఆగి, మళ్ళీ జోరుగా. మేడకి చెక్క నేల కావడంతో ఆ చప్పుడు పెరటి గోడ దాటి మా బాబాయి ఇంటిదాకా వెళ్ళేది. బాబాయంటే నాన్నగారికి పెదనాన్న కొడుకు, మాకు గోడ అవతలి దాయాది. మొదటిసారి విన్నప్పుడు ఆయన గోడమీంచి తొంగిచూసి, "ఏంటి పిన్నీ, మేడమీద చప్పుడు?" అని అడిగాడు. మా నాయనమ్మ ఎండలో వడియాలు తిరగేస్తోంది. తల ఎత్తకుండానే, "మీ తాతగారు" అంది. అంతే, సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. గుర్రం మేడమెట్లు ఎలా ఎక్కిందని ఒక్కరూ అడగలేదు.

అది మా నాన్నగారి కుట్టుమిషను. అమ్మ పెళ్ళికి పుట్టింటివారు పెట్టిన తొక్కుడు మిషను. అమ్మకి మోకాళ్ళ నొప్పులొచ్చి అది మూలపడితే, చేతిలో పొలం లేని నాన్నగారు తలుపు గడియపెట్టుకుని దానిమీద కుట్టు నేర్చుకున్నారు. నేర్చుకోవడమంటే మామూలుగా కాదు. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ క్రమంగా మా ఇంటికే రావడం మొదలెట్టాయి. "పెద్దాపురంలో మాకు తెలిసిన టైలరున్నాడమ్మా, ఆది జాకెట్టు కూడా ఇచ్చి వెళ్ళు, పంపిస్తాను" అని అమ్మ గుడ్డ తీసుకునేది. కాజాలూ హుక్కులూ అమ్మ చేత్తో కుట్టేది, తక్కినదంతా నాన్నగారు. "ఆ పెద్దాపురం టైలరు చెయ్యి చల్లగా ఉండాలండి, చంక దగ్గర ఒక్క ముడత లేదు" అని ఆడవాళ్ళు మెచ్చుకుంటుంటే, నాన్నగారు హాల్లో దినపత్రిక అడ్డం పెట్టుకుని మీసం సవరించుకునేవారు. కానీ ఒక మాట మాత్రం మాకు గట్టిగా చెప్పి ఉంచారు. "ఇది ఊళ్ళో బయటపడిన రోజున మిషను కాలవలో పడేస్తాను." ఆయన అన్నంత పనీ చేసే మనిషి. మిషను కాలవలో పడితే నా రాజమండ్రి చదువు దాని వెనకే పడుతుంది. కనుక దెయ్యం మాకు సరదా కాదు, ఇంటికి మూలస్తంభం.

అలాంటి ఇంటికి ఒక వేసవి సెలవుల్లో ఒక కుర్రవాడు వచ్చాడు. రాజమండ్రిలో దెయ్యాల వీడియోలు తీసి ఫోన్లలో పెడుతుంటాడట. లావుపాటి కళ్ళద్దాలు, మెడలో హెడ్‌ఫోన్లు, కర్రకి బిగించిన కెమెరా, దెయ్యం దగ్గరికొస్తే లైట్లు వెలిగి కూసే ఒక చిన్న పెట్టె. బస్సు దిగి మా వీధి చివరికి వచ్చేలోపే ఊరు అతనికి భూతద్దం అని పేరు పెట్టేసింది. నాయనమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. నేను ఆమె పక్కన నిటారుగా నిలబడ్డాను.

"నమస్కారమండి. మీ మేడమీద గుర్రం తిరుగుతుందని విన్నానండి. ఒక్క మధ్యాహ్నం ఉండి వెళ్ళిపోతానండి."

"ఎవరబ్బాయివి?"

"మాది రాజమండ్రండి."

"ఊరు కాదు, ఎవరబ్బాయివి అంటున్నాను."

చెప్పాడు. నాయనమ్మ మూడు తరాలు వెనక్కి వెళ్ళి వెతికింది. ఎవరూ తగల్లేదు. "మా పెద్దవారు కొత్తవాళ్ళతో మాట్లాడరు నాయనా. మజ్జిగ తాగి వెళ్ళు" అంది. అతను మజ్జిగ తాగుతుండగా చేతిలో పెట్టె కుయ్ కుయ్‌మని కూసింది. అతని కళ్ళు పెద్దవయ్యాయి. నాయనమ్మ తాపీగా, "నీ వెనకాల కరెంటు మీటరుంది. మొన్ననే మార్చారు" అంది.

అతను వెళ్ళాడన్న మాటే గాని, మా ఇంట్లో అనుమానం మాత్రం చాప పరుచుకుని కూర్చుంది. అతన్ని బాబాయే పంపాడని నా నమ్మకం. ఆ ఉదయం బాబాయి అతనికి దారి చూపిస్తుండగా నేను కళ్ళారా చూశాను. (ఊళ్ళోకి వచ్చిన ప్రతివాడికీ బాబాయే దారి చూపిస్తాడన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.) నాన్నగారి అనుమానం వేరు. ఇతను నిజమైన పెద్దాపురం టైలర్లెవరో పంపిన మనిషని, జాకెట్ల బేరం తగ్గిపోయి ఆరా తీయిస్తున్నారని ఆయన లెక్క. నాయనమ్మది ఇంకో దారి. "పిల్లనిచ్చేవాళ్ళు ఇలాగే మనుషుల్ని పంపి ఇల్లు చూసుకుంటారు. వీడు మన పిల్లాడి కోసమే వచ్చాడు" అని నావైపు చూసింది. ఆ సాయంత్రం నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. వట్టి ముందుజాగ్రత్త.

మర్నాడు మధ్యాహ్నం మేడమీద గుర్రం మంచి జోరుమీద ఉండగా పెరట్లో దబ్బుమని ఏదో పడింది. గుర్రం ఠక్కున ఆగింది. నేనూ నాయనమ్మా వెళ్ళేసరికి గోంగూర మడిలో భూతద్దం నిలబడి ఉన్నాడు. మా పెరటి గోడమీద ముత్తాతగారు దొంగల కోసం గాజుపెంకులు పాతించారు. ఇన్నేళ్ళలో ఒక్క దొంగా రాలేదు, పాపం ఇతనే వాటికి మొదటి బోణీ. కెమెరా భద్రంగానే ఉంది. మనిషి మాత్రం వీపు గోడకి ఆనించి కదలడం లేదు.

"ఇటు రా" అంది నాయనమ్మ.

"రాలేనండి."

"అయితే అటు తిరుగు."

"అస్సలు తిరగలేనండి."

పంట్లాము నడుము దగ్గర్నుంచి తొడదాకా చీరుకుపోయింది. గట్టిగా కేకలేసి వీధిలోకి తోసెయ్యవలసిన సమయం అది. ఆ సంగతి నేను నాయనమ్మ చెవిలో చెప్పాను కూడా. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మన గుమ్మంలోంచి మనిషి చిరుగుబట్టతో బయటికెళితే రేపు ఊరు ఎవరినంటుంది? వాణ్ణా, మనల్నా?" అంది. మా ఇంటి ముందు ఏనుగు నిలబడిన రోజుల్లో వచ్చినవాళ్ళకి బట్టలు పెట్టి పంపేవారట. (ఏనుగు సంగతి కూడా గుర్రం లాంటిదేనేమో, నేను అడగలేదు.) భూతద్దానికి తాతగారి పట్టుపంచె ఇచ్చారు. కర్పూరం వాసన కొడుతున్న ఆ పంచెలో, మెడలో హెడ్‌ఫోన్లతో, అతను పెళ్ళిపీటల మీంచి తప్పిపోయి వచ్చినవాడిలా అరుగుమీద కూర్చున్నాడు. నాయనమ్మ దబ్బనంలాంటి సూది తీసుకుని, కళ్ళు చికిలించుకుని చిరుగుకి టాకాలు వేయడం మొదలెట్టింది.

మేడమీద కిటికీ రెక్క కొద్దిగా కదిలింది. తర్వాత ఒక దగ్గు. మళ్ళీ ఇంకో దగ్గు, ఈసారి కోపంగా. నాకర్థమై పంట్లాము తీసుకుని పైకి పరిగెత్తాను.

నాన్నగారు మిషను దగ్గర నిలబడి ఉన్నారు. పంట్లాము అందుకుని నాయనమ్మ కుట్టు చూశారు. "ఇది పంట్లామనుకుందా, ధాన్యం బస్తా అనుకుందా మీ నాయనమ్మ?" అని గొణిగారు.

"అలాగే ఇచ్చేద్దాం నాన్నగారూ. మిషను తొక్కితే దొరికిపోతాం. అతని చెవులకి ఆ యంత్రాలున్నాయి."

"సీటు దగ్గర చేతికుట్టు నిలవదురా. బస్సెక్కేటప్పుడు మళ్ళీ పోతుంది."

"పోతే పోనివ్వండి."

"మనింట్లో కుట్టింది పోతుందా?" అన్నారాయన. ఆ 'మనింట్లో' అన్న మాట ఆయన అంత గర్వంగా పలకడం, మా పాత ఎస్టేటు గురించి చెప్పేటప్పుడు కూడా నేనెప్పుడూ వినలేదు. చిరుగు లోపల వెయ్యడానికి ఒక గుడ్డముక్క కత్తిరించారు, కిటికీ వెలుగులో రంగు చూసి దారం మార్చారు, ఒకసారి కిందికి చెవి పెట్టి విన్నారు. తర్వాత వీపు నిటారుగా నిలిపి కూర్చుని గుర్రాన్ని వదిలారు.

నేను మెట్లమీంచి తొంగిచూశాను. కింద భూతద్దం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నోరు తెరిచి, కెమెరా పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. నాయనమ్మ భక్తిగా చేతులు జోడించింది. దౌడు సాగింది, ఆగింది, వెనక్కి వచ్చింది, డబుల్ కుట్టు కోసం మళ్ళీ అదే దారిలో వెళ్ళింది. ఆగిపోయింది. కొంచెంసేపటికి నేను పంట్లాము మడతపెట్టి కిందికి తెచ్చి, మా వంశంలో ఎవరూ ఎవరికీ ఇంత హుందాగా ఏదీ అందించి ఉండరన్నట్టు అందించాను.

అతను దాన్ని తిప్పి చూశాడు. లోపలివైపు చూశాడు. కుట్టుమీద బొటనవేలు పెట్టి చివరిదాకా తడిమాడు. తర్వాత మేడవైపు చూశాడు, నావైపు చూశాడు. నా గుండె మిషనుకంటే పెద్దగా కొట్టుకుంటోంది.

"ఎవరు కుట్టారండి?"

"పెద్దాపురం టైలరు" అంది నాయనమ్మ.

"పెద్దాపురమాండి? ఇక్కణ్ణించి వెళ్ళి రావడానికే బస్సులో రెండు గంటలు పడుతుంది కదండీ."

నాయనమ్మ రెప్ప వేయలేదు. "మా మామగారు గుర్రంమీద వెళ్ళి కుట్టించుకొచ్చారు. నువ్వు విన్నావుగా."

అతను హెడ్‌ఫోన్లు మెల్లిగా మెడలోకి దించుకున్నాడు. నవ్వుతాడేమో, అరుస్తాడేమో, కెమెరా పట్టుకుని మేడమెట్లెక్కుతాడేమో అని నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. అతను పట్టుపంచె మార్చుకుని, నలగకుండా మడతపెట్టి నాయనమ్మ చేతికిచ్చి, మేడవైపు తిరిగి ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. మిషను మీద దుప్పటి కప్పేశారు. నాన్నగారు రోజూ సాయంత్రం కాలవగట్టుమీద నడిచొచ్చేవారు, ఎక్కడ లోతుందో చూసుకుంటున్నారని నా అనుమానం. చివరికి వీడియో వచ్చింది. బాబాయే గోడమీంచి ఫోను చూపించాడు. భూతద్దం మా వీధి చివర నిలబడి చెబుతున్నాడు: "ఈ ఇంట్లో గుర్రముందండి. నా చెవులతో విన్నాను. పెద్దమనుషుల ఇల్లు, దయచేసి ఎవరూ వచ్చి ఇబ్బంది పెట్టకండి." బాబాయి ఫోను జేబులో పెట్టుకుని, "మా తాతగారే" అన్నాడు గర్వంగా. ఆ క్షణంలోనే బాబాయి మీద నా అనుమానం పోయింది. మరుసటి మధ్యాహ్నం దుప్పటి తీశారు.

వానలు మొదలయ్యాక భూతద్దం మళ్ళీ వచ్చాడు. కెమెరా లేదు, చేతిలో గుడ్డసంచి ఉంది. అరుగుమీద కూర్చున్న నాన్నగారికి నమస్కారం పెట్టి, ఎంతో మామూలుగా, "మా అమ్మ ఆది జాకెట్టండి. గుడ్డ కూడా ఉంది. మీకు తెలిసిన పెద్దాపురం టైలరుగారికి పంపిస్తారా అండి?" అన్నాడు. నాన్నగారు పత్రిక దించి అతనికేసి చాలాసేపు చూశారు. "పంపిస్తాను. కొంచెం టైము పడుతుంది, ఆయనకి పని ఎక్కువ" అన్నారు.

ఇప్పుడు నాన్నగారికి చూపు ఆనదు. జాకెట్లు రావడం మానేసి చాలాకాలమైంది. నేను రాజమండ్రిలో ఒక ఆఫీసులో కుర్చీకి వీపు ఆనించకుండానే ఉద్యోగం చేస్తున్నాను. సెలవురోజున ఇంటికి వెళితే, భోజనాలయ్యాక మేడెక్కి, దారం లేని మిషను ముందు కూర్చుని కాసేపు తొక్కుతాను. ఊరికి అలవాటైన చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే బాగోదు కదా. ఒకప్పటి నేను, ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు, ఇది చూస్తే తలెక్కడ పెట్టుకునేవాడో అని నవ్వొస్తుంది. కింద పడక్కుర్చీలోంచి నాన్నగారి గొంతు వినిపిస్తుంది: "కుంటిగుర్రంలా ఏంటిరా ఆ దౌడు? మడమతో కాదు, మునివేళ్ళతో తొక్కు. మీ ముత్తాతగారి పరువు తీస్తున్నావు."