పెళ్లిచూపుల్లో ఇంగ్లీషు పాట

డిగ్రీ చివరి ఏడాదిలో నన్నొక ఇంగ్లీషు ప్రేమపాట పట్టుకుంది. మెత్తటి గిటారు, దాని మీద ఒక ఆడగొంతు. గుడివాడలో క్యాసెట్ల కొట్టాయన ఏవో పాటల మధ్య ఎక్కించి ఇచ్చాడు. అది వింటే ఎవరికైనా నిద్ర రావాలి. నాకేమో కాలు నిలిచేది కాదు. పాడుకుంటూ డాబా మీద అటూ ఇటూ తిరిగేదాన్ని. విశాఖ వెళ్లి ఎమ్మే చదవాలని నాకుంది. ఆ ఎండాకాలమే పెళ్లి చేసేయాలని ఇంట్లోవాళ్లకుంది.

కృత్తివెన్ను నుంచి సంబంధం వచ్చింది. చేపల చెరువులున్న కుటుంబం.

"పాటేమైనా వచ్చా అమ్మా?" అని అబ్బాయి తల్లి అడిగారు.

కీర్తన అందుకోమని అమ్మ కళ్లతోనే చెప్పింది. సంబంధం ఇక్కడితో తప్పిపోతే బాగుండునని నేను ఇంగ్లీషు పాట ఎత్తుకున్నాను.

"బాగా పాడారండి," అన్నాడు అబ్బాయి. "కానీ అసలు పాట పాడింది మగాయన. ఇంకా నిదానంగా ఉంటుంది. మీరు పాడినట్టు తర్వాతెవరో పాడారు."

ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ప్రాణం పెట్టుకున్నది నకలు మీదా?

వారం తిరక్కుండా బంధువుల చేత క్యాసెట్ పంపాడు. ఒక వైపంతా అదే పాట, నాలుగైదు గొంతుల్లో. ఒకాయన డ్రమ్ములతో హడావుడి చేశాడు. ఇంకొకావిడ ఏడుస్తూ పాడింది. అసలుది మళ్లీ మళ్లీ విన్నాను. చప్పగా ఉంది. ఉండబట్టలేక, ఇంట్లో తెలియకుండా ఎస్టీడీ బూత్‌కి వెళ్లి వాళ్లింటికి ఫోన్ చేశాను.

"నాకు నాదే నచ్చిందండి."

"నాకూ అంతేనండి. ఆరోజు మీతో మాట కలపడానికి ఇంకేం తోచలేదు."

అప్పుడు ఎమ్మే సంగతి చెప్పాను. రెండేళ్లు ఆగేది లేదని వాళ్ల పెద్దలు కబురు పెట్టారు. వేరే సంబంధాలు చూస్తున్నారని కూడా తెలిసింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే గుమ్మంలో నిలబడేదాన్ని. చివరికి నాన్న మెత్తబడి నన్ను విశాఖ రైలెక్కించడానికి గుడివాడ స్టేషన్‌కి తీసుకొచ్చారు. నా ప్రయాణం సంగతి బంధువులు చెప్పారట, అక్కడ ఆ కృత్తివెన్ను అబ్బాయి నిలబడి ఉన్నాడు.

"మావాళ్లు ఆగరటండి," అన్నాడు నాన్న ముందే. "నేను ఆగుతాను."

నాన్న నా పెట్టె కింద పెట్టి, "టీ తాగుతావా బాబూ?" అన్నారు.

ఎమ్మే అయ్యాక బందరులో మా పెళ్లయింది. ఆ రెండేళ్లూ ఆయన నిశ్చింతగానే ఉన్నారట. ఎక్కడ మనసు మార్చుకుంటారోనని హాస్టల్లో కుదురు లేకుండా గడిపింది నేనే.