గొర్రె పోతే అడిగే మాట

ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో మా చిన్నాయినకు గొర్రెల మందే బతుకు. సర్కారు గొర్రెలు పంచిన కొత్తలో, ఒక ఎండాకాలం, మందలోంచి ఒక గొర్రె పోయింది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా నాయిన, చిన్నాయిన, వాడకట్టు మగవాళ్లంతా కట్టెలు పట్టుకుని బయల్దేరి, పక్క ఊరి సంతలో దాన్ని పట్టుకున్నారు. గుర్తుకు సర్కారు వేసిన చెవి బిళ్ల కోసేసి ఉంది. అయినా చిన్నాయిన దాని ముఖం చూసి గుర్తుపట్టాడు. దొంగ పెద్దమనుషుల బంధువని తెలిసినా వీళ్లు వెనక్కి తగ్గలేదు. నేరుగా ఠాణాకు పోయి కేసు పెట్టించారు.

ఆ వానాకాలంలోనే చిన్నాయినకు జ్వరమొచ్చింది. ఆయన కూతురు, నాకు అక్క, డిగ్రీ చదువుతోంది. సెలవులకు ఇంట్లోనే ఉంది కాబట్టి మందను తనే తోలుకుపోయింది. కాలువ గట్టు దగ్గర మా ఊరివాడే ఒకడు ఆమెను బలాత్కరించాడు. చిన్నాయినను మామా అని పిలుస్తూ మా ఇంట్లో చాయ తాగిపోయేవాడు వాడు.

అక్క మందను ఇంటికి తోలుకొచ్చింది. దొడ్లో పెట్టి, తడిక కట్టి, అప్పుడు లోపలికొచ్చి చిన్నమ్మకు చెప్పింది. వాడి పేరూ చెప్పింది. ఠాణాకు పోదామంది.

చిన్నమ్మ తలుపు మూసి, "ఒక్కదానివి ఆ దిక్కు ఎందుకు తోలినవే?" అని అడిగింది. కబురందుకుని వచ్చిన మా నాయిన, అవ్వ తలా ఒకటి అడిగారు. వాడితో ఫోన్లో మాట్లాడేదా, నవ్విందా, చున్నీ వేసుకుందా, అరిచిందా. అక్క అన్నిటికీ జవాబు చెప్పింది. నేను పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. గోళ్లలో మట్టి అలాగే ఉంది. చిన్నాయిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. గొర్రె కోసం ఠాణా మెట్లెక్కిన కాళ్లకు ఆ రోజు ఎక్కడలేని నొప్పులొచ్చాయి.

"జర ఊకో బిడ్డా. బయటపడితె ఇజ్జత్ పోతది," అన్నాడు నాయిన.

అక్క ఆయన వైపు తిరిగింది. "గొర్రె పోతే ఎవడు వట్టుకపోయిండని అడిగిన్రు పెద్దనాయినా. నన్నేమో ఎందుకు పోయినవని అడుగుతున్రు."

నాయిన కండువా భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఠాణాకే అనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన దొడ్డి దాకా పోయి, కాసేపు నిలబడి, తిరిగొచ్చాడు.

"గొర్లన్నీ ఉన్నయి," అన్నాడు.

అక్క నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చదువు మాన్పించి, మేళ్లచెరువు వైపు సంబంధం చూసి పంపేశారు. పండగలకూ రాదు. రమ్మంటే పిల్లల బడి అంటుంది. తలుచుకుంటే నాకు ఏడుపు ఆగదు, మా వాళ్ల మీద కోపమూ ఆగదు. వాళ్లు చెడ్డవాళ్లూ కాదు, అదే నాకు మింగుడుపడదు.

వాడు ఊళ్లోనే ఉన్నాడు. మా వాకిలి ముందు నుంచి పోతూ, "బాగున్నవా మామా" అని పలకరిస్తాడు.

చిన్నాయిన తల ఎత్తకుండా, "ఆఁ, బాగున్న" అంటాడు.